166 బ్లాగుల కోసం 42 రోజులు: కొత్త ఫీడు రీడరును వెతుక్కున్న నా అనుభవం

2025 జూన్ 3, మంగళవారం. బడులు తెరవడానికి ఇంకా తొమ్మిది రోజులుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక వరండాలో కూర్చుని, రోజూ చదువుకునే బ్లాగుల కోసం ఫోను తెరిచేసరికి, పన్నెండేళ్ళుగా నేను వాడుతున్న ఫీడు రీడరు (ఎంచుకున్న బ్లాగుల్లోని కొత్త టపాలను, అంటే రాతలను, ఒకేచోట చూపే సాధనం) సంస్థ నుంచి ఒక మెయిలు వచ్చి ఉంది. జూలై 15వ తేదీతో ఉచిత ఖాతాలన్నీ మూసివేస్తున్నామనీ, కొనసాగదలచినవారు ఏడాది చందా కట్టాలనీ, కట్టనివారి జాబితాలూ, దాచుకున్న టపాలూ ఆ రోజు తరువాత తొలగిపోతాయనీ అందులో ఉంది. చందా మన రూపాయల్లో ఏడు వేలు దాటుతోంది. మెయిలు రెండుసార్లు చదివి, వేలిమీద లెక్కపెట్టుకున్నాను. చేతిలో ఉన్నది 42 రోజులు.

కోనసీమలో సఖినేటిపల్లి మండలంలోని మా ఊళ్ళో నేను హైస్కూలు తెలుగు ఉపాధ్యాయినిని. 2009 నుంచి తెలుగు బ్లాగులు చదువుతున్నాను. కూడలి, జల్లెడ, హారం వంటి సంకలినులు (తెలుగు బ్లాగుల కొత్త టపాలను ఒకచోట చూపే సైట్లు) తెరిస్తే పొద్దున్నే నలభై, యాభై కొత్త టపాలు కనిపించిన రోజులు అవి. నచ్చిన బ్లాగును మళ్ళీ వెతుక్కోనక్కరలేకుండా ఫీడు రీడరులో చేర్చుకోవడం అప్పుడే నేర్చుకున్నాను. ఎవరి టపా ఎప్పుడు వస్తుందో వాళ్ళకే తెలియదు. వచ్చిన రోజున అది తనంతట తానే నా ముందుకు వచ్చి నిలబడడం నాకు చాలా పెద్ద సౌకర్యం. బ్లాగులు రాసేవారిలో ఒక్కరినీ నేను ముఖాముఖి చూడలేదు. అయినా వారి పిల్లల పెళ్ళిళ్ళు, ఊళ్ళు మారడాలు, పోయిన తల్లిదండ్రులు, పెరట్లో మొదటి కాపు కాసిన మామిడిచెట్లు అన్నీ నాకు తెలుసు.

ఇటువంటి మెయిలు నాకు ఇది రెండోది. గూగుల్ రీడరును ఆపేస్తున్నట్టు 2013 మార్చి 13న ప్రకటించారు. అది జూలై 1న ఆగిపోయింది. జాబితాను ఫైలుగా దింపుకోవచ్చని అప్పుడు నాకు తెలియదు. తెర మీద చూస్తూ, బడిపిల్లలు వాడే రూళ్ళ నోటుపుస్తకంలో 96 బ్లాగుల చిరునామాలను ఇంగ్లీషు అక్షరాల్లో చేత్తో రాసుకున్నాను. రాసేటప్పుడు చుక్కలు, అడ్డగీతలు తప్పిపోయాయి. తరువాత వాటిని కొత్త సేవలో ఒక్కొక్కటిగా టైపు చేసినప్పుడు ఇరవైకి పైగా తెరుచుకోలేదు. వాటిలో కొన్ని ఎవరి బ్లాగులో కూడా నాకు గుర్తులేకపోయింది. ఆ నోటుపుస్తకం ఇంకా బీరువాలోనే ఉంది. మెయిలు చదవగానే నాకు ముందు గుర్తుకు వచ్చింది అదే. నిజానికి ఆ మధ్యాహ్నం భయం కన్నా దుఃఖం ఎక్కువ కలిగింది.

భీమవరంలో ఇంజనీరింగు చదువుతున్న మా మేనల్లుడికి ఫోను చేశాను. నేను ఏ కొత్త సేవ మంచిదని అడుగుతూ ఉంటే వాడు మధ్యలోనే ఆపి, "అదంతా తరవాత చూద్దాం అత్తయ్యా, ముందు ఆ లిస్టు బయటికి లాగు. లిస్టు నీ దగ్గరుంటే ఎక్కడికైనా పోవచ్చు" అన్నాడు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు దొరికిన అతి ముఖ్యమైన సలహా అదే కనుక ముందే చెబుతున్నాను. కొత్త సాధనం కోసం వెతకడం మొదలుపెట్టకముందే పాత జాబితాను దింపుకోవాలి. దాదాపు అన్ని ఫీడు రీడర్లలోనూ ఇందుకు ఓపీఎంఎల్ అనే ఫైలు పద్ధతి ఉంది. ఒక రీడరులోంచి ఎగుమతి చేసి, మరొక దానిలోకి దిగుమతి చేసుకోవచ్చు. నా పాత సేవలో ఆ మీట ఫోను యాప్‌లో లేనే లేదు. కంప్యూటరులో తెరిస్తే, సెట్టింగుల్లో మూడో పుట అడుగున దొరికింది. జూన్ 5 సాయంత్రం మూడో ప్రయత్నంలో ఫైలు దిగింది. మొదట దాన్ని ఎక్సెల్‌లో తెరిచినప్పుడు తెలుగు పేర్లన్నీ గజిబిజి గుర్తులుగా కనిపించి గుండె జారిపోయింది గాని, మామూలు నోట్‌ప్యాడులో తెరిస్తే ఒక్క అక్షరం కూడా చెడకుండా ఉంది. ఒక్కో వరుసలో ఒక్కో బ్లాగు పేరు, పక్కన చిరునామా. మొత్తం 187.

అంతటితో సగం పని అయిపోయిందనుకున్నాను. జూన్ 7, శనివారం నాడు, నేను నక్షత్రం గుర్తు పెట్టి దాచుకున్న టపాలు ఆ ఫైలులో ఎక్కడున్నాయో చూద్దామని వెతికితే, అవి లేవు. ఓపీఎంఎల్ ఫైలులో చిరునామాలు మాత్రమే వస్తాయి. మనం దాచుకున్నవి గాని, ఏది చదివాము ఏది చదవలేదు అన్న లెక్క గాని అందులో ఉండవు. ఆ సంగతి ముందుగా ఎవరూ చెప్పరు. నేను దాచుకున్నవి 312 టపాలు. వాటిలో చాలా వాటికి మూల బ్లాగు ఇంకా ఉంది కనుక చిరునామా రాసి పెట్టుకుంటే చాలు. కొన్నిటికి మాత్రం బ్లాగే లేదు. రచయిత తీసేశారో, గడువు తీరిందో, నొక్కితే ఖాళీ పుట వస్తోంది. ఆ టపాల పాఠం మొత్తం నా రీడరులో దాగి ఉన్న నకలు రూపంలోనే మిగిలింది. జూలై 15 తరువాత అది కూడా ఉండదు.

వాటిలో ఒక బ్లాగు గురించి చెప్పకుండా ఉండలేను. మా కాలువల మీద లాకుల దగ్గర పనిచేసి రిటైరయిన ఒక పెద్దాయన రాసినది అది. లాకు తలుపులు తిప్పడం, రాత్రివేళ పడవవాళ్ళు దూరం నుంచే కేక వేసి లేపడం, వేసవిలో కాలువలు కట్టేశాక అడుగు మడుగుల్లో ఊరంతా చేపలు పట్టడం, దాళ్వాకు, అంటే రెండో పంటకు, నీరు చాలని ఏళ్ళలో వంతుల కోసం రైతులు గట్టు మీదే పడుకోవడం, ఇవన్నీ ఆయన తేదీలతో సహా రాశారు. ధవళేశ్వరం ఆనకట్ట గురించి పుస్తకాలు దొరుకుతాయి గాని, ఆ నీటిని మా చేల దాకా తెచ్చిన లస్కర్ల (కాలువల మీది పనివాళ్ళ) రోజువారీ జీవితం గురించి అంత వివరంగా నేను మరెక్కడా చదవలేదు. ఆయన 2016 తరువాత రాయలేదు. బ్లాగు ఎప్పుడు తొలగిపోయిందో నేను గమనించలేదు. ఆయన టపాలు 34 నా దగ్గర ఉన్నాయి. వాటితో కలిపి, మూలం పోయిన 63 టపాలను ఒక్కొక్కటే తెరిచి, పీడీఎఫ్‌గా భద్రపరిచాను. అందుకు రెండు రాత్రులు పట్టింది. రెండో రాత్రి ఒంటిగంటకు ఆఖరి టపాను దింపుతూ, లాకు దగ్గరి రావిచెట్టు గురించి ఆయన రాసిన పేరా పైకి చదివితే, నిద్రపట్టక పక్క గదిలో మెలకువగా ఉన్న మా అమ్మ, "ఆ చెట్టు కింద మేం పడవ దిగేవాళ్ళమే" అంది. ఆ ఒక్క మాటతో రెండు రాత్రుల శ్రమా మరిచిపోయాను.

జూన్ 8 నుంచి 18 వరకు పదకొండు సాయంత్రాలు, మధ్యలో బడి తెరిచిన హడావుడి ఉన్నా సరే, 187 చిరునామాలనూ స్వయంగా తెరిచి చూశాను. ఈ పని యంత్రం చేత చేయించవచ్చని మేనల్లుడు అన్నాడు గాని, ఒక్కొక్క ఇంటి తలుపూ నేనే తట్టి చూడాలనిపించింది. 46 తెరుచుకోలేదు. పాత రీడరు వాటి పేర్లను ఏ హెచ్చరికా లేకుండా మామూలుగానే చూపిస్తూ వచ్చింది కనుక, వాళ్ళు రాయడం మానేశారనే ఇన్నాళ్ళూ అనుకున్నాను.

ఆ 46 ఫీడుల (బ్లాగు తన కొత్త టపాలను అందించే దారుల) చిరునామాలను ఒకచోట రాసుకుని చూస్తే ఒక సంగతి బయటపడింది. 17 చిరునామాల చివర బ్లాగ్‌స్పాట్.ఇన్ అని ఉంది. 2012 నుంచి కొన్నేళ్ళ పాటు మన దేశంలో ఏ బ్లాగ్‌స్పాట్ బ్లాగు తెరిచినా చిరునామా .కామ్ నుంచి .ఇన్‌కు మారి కనిపించేది. నేను బ్రౌజరులో కనిపించినదాన్నే నకలు తీసి చేర్చుకున్నాను. ఆ .ఇన్ పేరు 2020లో చేయి మారిపోయింది. బ్లాగులు మాత్రం .కామ్ మీద చెక్కుచెదరకుండా ఉన్నాయి. చివరి అక్షరాలు దిద్దగానే 17 బ్లాగులూ తెరుచుకున్నాయి. వాటిలో నాలుగింటిలో ఈ ఐదేళ్ళలో వచ్చిన టపాలు వరుసగా ఉన్నాయి. నేను మానేశారనుకున్నవాళ్ళు రాస్తూనే ఉన్నారు. ఒకావిడ తన భర్త పోయాక రాసిన టపాకు అప్పట్లో ఒక్క ఓదార్పు మాటైనా రాయలేకపోయానే అని మనసు కలుక్కుమంది. మీ జాబితా 2012, 2018 మధ్య తయారైనదైతే దయచేసి ఈ ఒక్కటీ ముందుగా చూసుకోండి.

మరో ఎనిమిది, రచయితలు సొంత పేరుతో చిరునామా కొనుక్కుని, కొన్నాళ్ళకు మళ్ళీ పాత ఇంటికే తిరిగి వచ్చినవి. వాటినీ సరిచేశాను. బ్లాగ్‌స్పాట్ అయితే చిరునామా చివర "ఫీడ్స్, పోస్ట్స్, డిఫాల్ట్" అనే మూడు మాటలను అడ్డగీతలతో కలిపి పెడితే ఫీడు వస్తుంది. వర్డ్‌ప్రెస్ అయితే చివర "ఫీడ్" అన్న ఒక్క మాట చాలు. మిగిలిన 21 నిజంగానే లేవు. అలా 187 కాస్తా 166 అయింది.

ఆ 166లో గడచిన ఏడాదిలో ఒక్క టపా అయినా వచ్చినవి 58 మాత్రమే. మిగతా 108 మౌనంగా ఉన్నాయి. ఇక్కడే నాకు కొత్త సాధనాలతో అసలు పేచీ మొదలైంది. నేను చూసిన సేవల్లో ఎక్కువ భాగం ఫీడుల సంఖ్యను బట్టి ఉచితమో, చందానో నిర్ణయిస్తున్నాయి. నేను చూసినప్పుడు ఫీడ్లీలో ఉచితంగా 100, ఇనోరీడరులో 150, న్యూస్‌బ్లరులో 64, ది ఓల్డ్ రీడరులో 100. వాళ్ళ ఖర్చులు వాళ్ళకుంటాయి, అందులో తప్పేమీ లేదు. కానీ రోజుకు యాభై వార్తలు పోసే ఒక వార్తాసంస్థ ఫీడూ ఆ లెక్కలో ఒకటే, మూడేళ్ళకొక టపా రాసే మా రాజమండ్రి డాక్టరుగారి బ్లాగూ ఒకటే. తెలిసినవాళ్ళందరూ ఆ మౌనంగా ఉన్న 108 తీసేయమన్నారు. తీసేస్తే ఏ ఉచిత ఖాతాలోనైనా హాయిగా సరిపోతాను. కానీ రోజూ రాసేవాళ్ళ బ్లాగుకు నేను గుర్తుపెట్టుకునైనా వెళ్ళగలను. ఎప్పుడో ఒకసారి రాసేవాళ్ళ కోసమే కదా ఫీడు రీడరు కావలసింది. మౌనంగా ఉన్నవాళ్ళను జాబితాలోంచి తీసేయమనే సాధనం నాకు పనికిరాదని జూన్ 18 రాత్రి తేల్చుకున్నాను. ఆ తరువాత వెతుకులాట సులువైంది.

రెండో పరీక్ష తెలుగు అక్షరాలది. పరీక్ష కోసం నేను ఒక టపా ఎంచుకున్నాను. అందులో "స్వాతంత్ర్యం", "వైశిష్ట్యం" వంటి మాటలున్నాయి. పాత పద్యాలు ఉన్నాయి కనుక అరసున్నలూ, బండి ఱలూ ఉన్నాయి. ఒక యాప్‌లో వరుసల మధ్య ఎడం చాలక, పై వరుస ఒత్తులు కింది వరుస తలకట్లకు తగిలి నల్లగా కలిసిపోయాయి. మరొక దానిలో శీర్షికల అడుగుభాగం కోసుకుపోయి, "స్వాతంత్ర్యం"లో త కింద ఉన్న రావత్తూ, యావత్తూ సగం మాత్రమే కనిపించాయి. ఇంకొక దానిలో రెండు అంచులూ సమానంగా సర్దే పద్ధతి వల్ల, మన మాటలు పొడుగు కనుక, వరుసకు మూడే మాటలు పట్టి మధ్యలో వేలెడు సందులు వచ్చాయి. ఇంగ్లీషు టపాతో పరీక్షించి బాగుందనుకుంటే మనకు ఇవేవీ తెలియవు. మీరు ఏ సాధనం ఎంచుకున్నా, ఒత్తులు దట్టంగా ఉన్న ఒక తెలుగు టపాను తెరిచి, అక్షరాల సైజు పెంచి, తగ్గించి చూడండి.

చందా కట్టడానికి నేను పూర్తిగా విముఖురాలిని కాదు. ఫీడ్‌బిన్ అనే సేవ అప్పట్లో నెలకు 5 డాలర్లు తీసుకునేది, ఫీడుల సంఖ్య మీద పేచీ పెట్టదు, పుట ప్రశాంతంగా ఉంటుంది. జూన్ 21, శనివారం నాడు కడదామని కూర్చున్నాను. కార్డు మూడుసార్లు తిరస్కరించబడింది. మన బ్యాంకు కార్డుల మీద విదేశీ చెల్లింపులు మనం ప్రత్యేకంగా తెరిస్తే తప్ప పనిచేయవని అప్పుడు తెలిసింది. బ్యాంకు యాప్‌లో ఆ మీట తెరవబోతే, మరుసటి రోజు ప్రయత్నించమని వచ్చింది. సోమవారం బ్యాంకుకు వెళ్ళి అడిగితే, డాలరు మార్పిడి మీద మూడున్నర శాతం రుసుము, ఆ రుసుము మీద 18 శాతం జీఎస్‌టీ పడతాయన్నారు. లెక్క వేస్తే నెలకు 450 రూపాయలకు దగ్గర, ఏడాదికి అయిదు వేలు దాటుతుంది. పాత సంస్థ అడిగినదాని కన్నా తక్కువే. అయినా, డాలరు పెరిగినా, కార్డు మారినా, నేను జబ్బుపడి ఒక నెల మరిచిపోయినా మళ్ళీ ఇదే స్థితికి వస్తానన్న దిగులు వదలలేదు. అక్కడితో ఆ ఆలోచన మానుకున్నాను.

ఈలోగా జూన్ 22 ఆదివారం మేనల్లుడు వచ్చాడు. మన ఇంట్లోనే మన సొంత రీడరు పెట్టుకుందామన్నాడు. ఫ్రెష్ఆర్ఎస్ఎస్ అనేది అలా సొంతంగా పెట్టుకునే ఉచిత సాఫ్టువేరు. అటక మీది పాత ల్యాప్‌టాపు దించి, తుడిచి, 850 రూపాయలు పెట్టి కొత్త చార్జరు కొని, సాయంత్రానికల్లా 166 బ్లాగులూ అందులోకి ఎక్కించాడు. ఇంట్లో వైఫై మీద అది పనిచేసిన తీరు చూసి నాకు నిజంగా సంతోషం వేసింది. తెలుగు చక్కగా ఉంది, సంఖ్యకు హద్దు లేదు, ఎవరి దయ మీదా ఆధారపడనక్కరలేదు. వారం పాటు అదే వాడాను.

అయితే గుమ్మం దాటితే అది తెరుచుకోదు. మా బ్రాడ్‌బ్యాండు వాళ్ళు పదిమంది చందాదారులకూ కలిపి ఒకే బయటి చిరునామా ఇస్తారట. మనకు విడిగా కావాలంటే ఏడాదికి రెండున్నర వేలు అదనం అన్నారు. వేరే దారులున్నాయని, బయట సర్వరు అద్దెకు తీసుకోవచ్చని వాడు చెప్పాడు. అవి నేను ఒక్కదాన్నే నడపగలిగినవి కావు. జూన్ 28 సాయంత్రం గాలివాన వచ్చి, కొబ్బరి మట్ట తీగ మీద పడి కరెంటు పోయింది. ఆ ల్యాప్‌టాపు బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది కనుక వెంటనే ఆగిపోయింది. రాత్రి పదకొండుకు కరెంటు వచ్చింది గాని, దాన్ని తిరిగి లేపడం నా వల్ల కాలేదు. మేనల్లుడు కాలేజీలో ఉన్నాడు.

మర్నాడు ఆదివారం నరసాపురంలో మా చెల్లెలి ఇంటికి బయలుదేరాను. సఖినేటిపల్లి రేవులో పంటు (నది దాటించే పెద్ద పడవ) ఎక్కి వశిష్ఠ గోదావరి మధ్యకు వచ్చేసరికి ఎప్పటిలాగే ఫోను సిగ్నలు పడిపోయింది. పంటు నిండేదాకా ఆగడమూ, దాటడమూ కలిపితే ముప్పావుగంట పడుతుంది. పాత రీడరు ఉన్న రోజుల్లో ఆ ముప్పావుగంటా నాకు చదువుకునే సమయం. ఆ రోజు చేతిలో ఏమీ లేదు. నీళ్ళ వైపు చూస్తూ నిలబడినప్పుడు 2022 మే నెల గుర్తుకు వచ్చింది. అమలాపురం అల్లర్ల తరువాత కోనసీమలో రోజుల తరబడి మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. ఆఫీసు పనుల కోసం కుర్రాళ్ళు ల్యాప్‌టాపులు పట్టుకుని గోదావరి దాటి వెళ్ళారు. ఆ రోజుల్లో నాకు తోడుగా ఉన్నవి, అంతకుముందే ఫోనులోకి దిగి ఉన్న అరవై, డెబ్బై టపాలే. కనుక నాకు కావలసింది టపాలను ఫోనులోనే దాచే సాధనం. ఈ మాట మొదటి రోజే తోచి ఉండవలసింది.

జూలై 2న ఫీడర్ అనే ఆండ్రాయిడ్ యాప్ పెట్టుకున్నాను. అది ఉచితం, కోడు అందరికీ తెరిచి ఉంటుంది, ప్లే స్టోరులోనూ, ఎఫ్-డ్రాయిడ్ అనే ఉచిత యాప్‌ల దుకాణంలోనూ దొరుకుతుంది. ఖాతా తెరవమనదు, మెయిలు అడగదు. ఫోనే నేరుగా ఒక్కొక్క బ్లాగు దగ్గరకూ వెళ్ళి టపాలు తెచ్చి తనలోనే దాచుకుంటుంది. ఓపీఎంఎల్ ఫైలు చూపించగానే నాలుగు నిమిషాల్లో 166 వచ్చాయి. సారాంశం మాత్రమే ఇచ్చే ఫీడులకు "పూర్తి పాఠం తెచ్చిపెట్టు" అని విడివిడిగా చెప్పవచ్చు. ఒత్తుల పరీక్ష నెగ్గింది.

మొదటి మూడు రోజులూ మాత్రం ఏడిపించింది. నేను యాప్ తెరిచినప్పుడు తప్ప కొత్త టపాలు వచ్చేవి కావు. జూలై 5న తెలిసినదేమంటే, ఛార్జింగు మిగల్చడానికి ఫోనే వెనుక నడిచే యాప్‌లను నిద్రపుచ్చుతుంది. సెట్టింగులలో బ్యాటరీ అన్న చోటికి వెళ్ళి, ఈ ఒక్క యాప్‌కు ఆంక్ష తీసేయగానే, రాత్రి వైఫై ఉన్నప్పుడు తనంతట తానే తెచ్చి పెట్టడం మొదలుపెట్టింది. ఆ పై వారం ఆదివారం, జూలై 13న, పంటు మీద 22 టపాలు చేతిలో ఉన్నాయి.

దీనిలో ఒక లోపం ఉంది, తెలుసుకుని ఎంచుకోవాలి. బ్లాగు ఫీడులో అన్ని టపాలూ ఉండవు. మామూలుగా వర్డ్‌ప్రెస్ చివరి 10, బ్లాగ్‌స్పాట్ చివరి 25 మాత్రమే ఇస్తాయి. సర్వరు మీద నడిచే సేవ అయితే మన ఫోను మూలనపడి ఉన్నా అది తెస్తూనే ఉంటుంది. ఫోనులో నడిచే యాప్ అయితే, మనం నెల రోజులు ఫోను తెరవకపోతే, చురుకైన బ్లాగులో మధ్య టపాలు జారిపోతాయి. నా 58 బ్లాగుల్లో నెలకు పది రాసేవారు ముగ్గురే కనుక నేను ఇందుకు ఒప్పుకున్నాను. రోజూ వార్తల ఫీడులు చదివేవారికి ఇది సరిపడదు. కంప్యూటరు మీద కూడా చదవాలనుకునేవారికి ఇనోరీడరు వంటిదే నయం. వ్యాఖ్యలు ఫీడులో రావన్నది ఇంకొక కొరత. బ్లాగ్‌స్పాట్‌లో వ్యాఖ్యలకు విడిగా ఒక ఫీడు ఉంటుంది కనుక, సంభాషణ బాగా సాగే ఆరు బ్లాగులకు దాన్ని కూడా చేర్చుకున్నాను.

అనుకోకుండా దొరికినది ఒకటుంది. ఫీడర్‌లో టపాను పైకి చదివి వినిపించే సదుపాయం ఉంది. ఫోనులో తెలుగు గొంతును ముందుగా దింపుకోవాలి. మా అమ్మకు 78 ఏళ్ళు, శుక్లాల ఆపరేషను అయ్యాక కూడా చిన్న అక్షరం అందదు. జూలై 6 సాయంత్రం ఆవిడ పక్కన ఫోను పెట్టి, పాలకొల్లు వైపు పాతకాలపు పెళ్ళి భోజనాల గురించిన టపా పెట్టాను. ఆ గొంతు కామాల దగ్గర ఆగదు, పద్యాన్ని వచనంలా చదివేస్తుంది. అమ్మ అదేమీ పట్టించుకోలేదు. "పనసపొట్టు కూర సంగతి రాయలేదేం" అని మాత్రం అంది. ఆ మాటనే మర్నాడు నేను ఆ బ్లాగులో వ్యాఖ్యగా రాశాను. రెండు రోజుల్లో రచయిత్రి జవాబిచ్చారు, మరిచిపోయానని, తరువాతి టపాలో రాస్తానని.

జూలై 15 రాత్రి తొమ్మిదికి పాత సేవను చివరిసారి తెరిచాను. అప్పటికే లోపలికి వెళ్ళనివ్వలేదు. పన్నెండేళ్ళు రోజూ చూసిన పుట అది. చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను. మొత్తం ఖర్చు, చార్జరుకు 850, టపాల పీడీఎఫ్‌లు దాచడానికి కొన్న పెన్‌డ్రైవుకు 450, కలిపి 1,300 రూపాయలు. ల్యాప్‌టాపును మేనల్లుడు తన చదువుకు తీసుకువెళ్ళాడు.

ఆగస్టు 1, శుక్రవారం నాడు, ఇకనుంచి ప్రతి నెలా ఒకటో తారీఖున చేయాలనుకున్న పనిని మొదటిసారి చేశాను. ఫీడర్‌లోంచి ఓపీఎంఎల్ ఫైలు ఎగుమతి చేసి, ఒకటి నా మెయిలుకు, ఒకటి మేనల్లుడికి పంపాను. బడి నుంచి వస్తూ రోడ్డు మీది జిరాక్సు షాపులో దాన్ని ప్రింటు తీయించాను. ఆరు పేజీలు, పన్నెండు రూపాయలు. షాపు అబ్బాయి ఒకప్పుడు నా దగ్గర చదివినవాడే. కాగితాలు సర్ది ఇస్తూ, "ఏంటండీ టీచరుగారూ ఇవన్నీ?" అని అడిగాడు. నాకు తెలిసినవాళ్ళ చిరునామాలని చెప్పాను. ఇంటికి వచ్చి, 2013 నాటి రూళ్ళ నోటుపుస్తకం తీసి, నా చేతిరాత ఆగిపోయిన పేజీ పక్కనే ఆ ఆరు కాగితాలనూ జిగురు పెట్టి అంటించాను.